మాంద్యంలో భివండీ చిన్న లారీ యజమానులు

భివండీ మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయి–నాసిక్ రహదారి పక్కన ఉన్న మరమగ్గాల పట్టణం. ఒకటి రెండు బండ్లు కొనుక్కుని, చాలాసార్లు స్టీరింగ్ తామే పట్టుకుని సరుకు చేరవేసే చిన్న యజమానులు ఇక్కడి వ్యాపారానికి కాళ్లూ చేతులూ. బట్టల గిరాకీ పడిపోయినప్పుడు వీళ్లకు రెండు దెబ్బలు తగులుతాయి. లోడు తగ్గుతుంది. అప్పటికే దించి వచ్చిన లోడు తాలూకు కిరాయి నెలల తరబడి చేతికి రాదు. మొదటి దెబ్బ అందరికీ కనిపిస్తుంది. బండిని అమ్మించేది మాత్రం చాలాసార్లు రెండోదే.

సాంచా, టెంపో

1857 తర్వాత ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన అన్సారీ నేతగాళ్లతో భివండీ నేత ఊరైంది. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లుల నేత పని చాలావరకు ఇక్కడి షెడ్లలోకి మారింది. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. సిరిసిల్లలో లాగే ఇక్కడి తెలుగువాళ్లు కూడా మరమగ్గాన్ని సాంచా అంటారు.

సాంచా ఆడాలంటే బండి తిరగాలి. నూలు బస్తాలు గంజి పట్టించే సైజింగ్‌కు పోవాలి. అక్కడ నూలు చుట్టిన భీములు కార్ఖానాకు రావాలి. నేసిన, ఇంకా రంగు వేయని గ్రే గుడ్డ తానులు మడత వేసే చోటికి, అక్కడి నుంచి వర్తకుడి గోదాముకు, చివరికి సూరత్, బాలోత్రా, పాలీ, జేత్‌పూర్ వంటి అద్దకపు ఊళ్లకు చేరాలి. ఊళ్లో ఈ పని ఛోటా హాథీ అని పిలిచే టాటా ఏస్‌లు, 407లు చేస్తాయి. ఊరు దాటితే ఆరు చక్రాల, పది చక్రాల లారీలు అందుకుంటాయి. రంగు పడేలోపే గుడ్డ నాలుగైదు బండ్లు మారుతుంది కాబట్టి, ఒక షెడ్డు మూతపడితే ఒక్క ట్రిప్పుతో పోదు. వరసగా నలుగురైదుగురి కిరాయిలు ఆగుతాయి.

పట్టణానికి రెండో ఆధారం గోదాములు. ముంబయిలో 2017 దాకా ఆక్ట్రాయ్ ఉండేది. సరుకును నగర హద్దు బయట నిల్వ చేసి, అవసరం మేరకు లోపలికి తెచ్చుకోవడం వర్తకులకు లాభంగా ఉండటంతో మాన్కోలీ, రాహనాళ్, వళ్, కాల్హేర్, దాపోడా గ్రామాల్లో గోదాములు లేచాయి. జీఎస్టీ వచ్చాక ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు ఇంకా పెద్దవి కట్టుకున్నాయి. సాంచాలు ఆగిన రోజుల్లో టెంపోలవాళ్లు ఇటు తిరుగుతారు. అయితే అక్కడి రవాణా కాంట్రాక్టులు పెద్ద కంపెనీలవి. చిన్న బండికి పని ఇద్దరు ముగ్గురి చేతులు మారి వస్తుంది, ప్రతి చేతిలో కొంత కమీషన్ పోతుంది.

లోడు తగ్గితే కిరాయి ఎందుకు పడిపోతుంది

సాంచాలు ఆపితే కార్ఖానా సేఠ్‌కు కరెంటు బిల్లులో కొంతైనా మిగులుతుంది. బండి ఆపితే యజమానికి ఆ వెసులుబాటు ఉండదు. ఫైనాన్స్ కిస్తీ, థర్డ్ పార్టీ బీమా, ఏటా రూ. 16,500 నేషనల్ పర్మిట్ రుసుము, ఫిట్‌నెస్ ఖర్చు, ఇవేవీ బండి తిరిగిందా లేదా అని చూడవు. అందుకే మాంద్యంలో యజమాని బండి ఆపడు. డీజిల్ ఖర్చు పోను కిస్తీకి కాస్త మిగిలినా చాలనుకుని ఏ రేటుకైనా భర్తీకి ఒప్పుకుంటాడు. పక్కవాడి పరిస్థితీ అదే. లోడు తక్కువై, దానికోసం నిలబడ్డ బండ్ల సంఖ్య అలాగే ఉంటే రేటు దలాల్ చెప్పిందే అవుతుంది. దేశంలోని లారీల్లో అత్యధిక భాగం ఐదు లోపు బండ్లున్నవాళ్లవే కాబట్టి, అందరూ కలిసి ఒక రేటు మీద నిలబడటం జరగని పని.

తిరుగు లోడు కూడా చూడాలి. భివండీ నుంచి హైదరాబాద్ దాదాపు 700 కిలోమీటర్లు. మంచి రోజుల్లో వెళ్లేటప్పుడు గుడ్డ, వచ్చేటప్పుడు షోలాపూర్ చద్దర్లో తువ్వాళ్లో దొరుకుతాయి. గిరాకీ లేనప్పుడు తిరుగు లోడు కోసం మూడు నాలుగు రోజులు పడిగాపులు పడాలి, లేదంటే ఖాళీగా రావాలి. ఖాళీ బండి డీజిల్ తక్కువ తాగుతుంది. టోల్ మాత్రం పూర్తిగా కట్టాలి.

అరువు గొలుసు

బట్టల వ్యాపారం అరువు మీద నడుస్తుంది. చిల్లర దుకాణం టోకు వర్తకుడికి, అతను అద్దకం మిల్లుకు, మిల్లు గ్రే వర్తకుడికి బాకీ. అమ్మకాలు మందగిస్తే గొలుసులో ప్రతి ఒక్కరూ తన బాకీని కిందివాడి మీదికి నెడతారు. అట్టడుగున ఉన్నవాడు బండి యజమాని. అతను ఎవరిని నెట్టగలడు? డీజిల్ బంకులో రోజూ డబ్బు పెట్టాలి. డ్రైవర్ బత్తా బండి కదలకముందే ఇవ్వాలి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ కూడా ముందుగా ఖాతాలో వేసుకున్న డబ్బులోంచి కోతపడుతోంది. కిరాయిలో కొంత అడ్వాన్సుగా వస్తుంది. మిగిలింది సరుకు దింపి, సంతకం పెట్టించుకున్న సరుకు రసీదు, అంటే బిల్టీ, తిరిగి అందించాక రావాలి. చెడ్డ రోజుల్లో ఆ అడ్వాన్సు కుంచించుకుపోతుంది, మిగతాది వాయిదాలు పడుతుంది. ఇంటి నగలు కుదువపెట్టి డీజిల్ పోయించుకునే మనిషి, లక్షల సరుకున్న వర్తకుడికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టు. భివండీ మాంద్యంలో ఇంతకన్నా అన్యాయమైన లెక్క మరొకటి లేదు.

దెబ్బ మీద దెబ్బ

2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో సరుకు కదలిక మందగించింది. 2009 జనవరి 5 నుంచి లారీ యజమానులు డీజిల్ ధర తగ్గించాలని దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు భివండీని ఇంకా లోతుగా తాకింది. ఇక్కడ కూలీ, హమాలీ, డీజిల్, బత్తా అన్నీ నగదే. డిసెంబర్ 2 దాకా జాతీయ రహదారుల మీద టోల్ ఎత్తేశారు గానీ, ఎత్తుకెళ్లడానికి సరుకే కరువైంది. మరుసటి ఏడు జులై 1న జీఎస్టీ వచ్చింది. దానికి నిరసనగా సూరత్ బట్టల వర్తకులు రెండు వారాలకు పైగా దుకాణాలు మూశారు. అక్కడ కొనేవాడు లేనప్పుడు ఇక్కడ గ్రే గుడ్డ లోడు చేసేవాడూ ఉండడు.

2018 జులైలో కేంద్రం బండ్ల బరువు పరిమితిని పెంచింది. పది చక్రాల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులైంది. అదే సరుకును తక్కువ బండ్లు మోయగలిగాయి. జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు పోవడంతో ట్రిప్పు కూడా త్వరగా పూర్తవుతోంది. రెండూ మంచి మార్పులే. కానీ గిరాకీ తగ్గుతున్న ఏడాదిలో వచ్చి, మిగులు బండ్లను ఇంకా పెంచాయి. ఆ సెప్టెంబర్‌లో ఐఎల్‌ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ కూలడంతో బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థలు అప్పులు బిగించాయి. వాణిజ్య వాహనాల అమ్మకాలు 2018–19లో 10 లక్షలు దాటగా, 2019–20లో 7.17 లక్షలకు, 2020–21లో 5.69 లక్షలకు పడిపోయాయి.

2020 మార్చి 25 లాక్‌డౌన్‌తో సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. మే మొదటి వారంలో భివండీ రోడ్ స్టేషన్ నుంచి గోరఖ్‌పూర్‌కు వలస కార్మికులతో శ్రామిక రైలు వెళ్లింది. ఎందరో కార్మికులు నడిచే వెళ్లారు. ఆంక్షలు సడలినా నేసే చేతులు లేవు. రిజర్వ్ బ్యాంకు ఆగస్టు 31 దాకా కిస్తీలకు విరామం ఇచ్చింది గానీ, ఆ ఆరు నెలల వడ్డీ అసలు మీద పేరుకుంది. 2021 అక్టోబర్‌లో ముంబయిలో డీజిల్ లీటరు రూ. 100 దాటింది.

పెద్ద కంపెనీ కూలితే పత్రికలు రాస్తాయి. 2019 డిసెంబర్‌లో అమెరికాలో సెలడాన్ అనే లారీ కంపెనీ దివాలా తీసినప్పుడు దారిలో చిక్కుకున్న డ్రైవర్ల కథ ప్రపంచమంతా తెలిసింది. భివండీలో ఒక లారీ వాడు కూలితే అంజూర్‌ఫాటా దగ్గర నిలబడే బండ్లలో ఒకటి తగ్గుతుంది, అంతే.

ఆ కూలడం మెట్టు మెట్టుగా జరుగుతుంది. ముందు క్లీనర్‌ను మానిపిస్తారు. తర్వాత టైర్లు మార్చడం వాయిదా పడుతుంది. చివరికి, కిస్తీలు తానే కట్టుకుంటానన్న మనిషికి పేరు మార్చకుండానే బండి అప్పగిస్తారు. ఇది చాలా ప్రమాదకరం. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బండి పోయినా బాధ్యత పోదు.

పన్ను చట్టమూ మాంద్యాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆదాయపు పన్ను చట్టంలోని ఒక సెక్షన్ పదికి మించని బండ్లున్నవాళ్లకు పద్దుల బాదరబందీ తప్పించింది. కానీ 12 టన్నులు మించిన బండి టన్నుకు నెలకు రూ. 1,000, చిన్న బండి నెలకు రూ. 7,500 చొప్పున సంపాదించిందని అనుకుంటుంది, తిరిగినా తిరగకపోయినా. 28.5 టన్నుల లారీకి ఆ లెక్కన ఏడాదికి రూ. 3,42,000. అంతకన్నా తక్కువ వచ్చిందని చెప్పాలంటే పద్దులు రాయాలి, ఆడిట్ చేయించాలి.

నిలిచిపోయిన కిరాయి కోసం ఒక చట్టం ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం కింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. సరుకు రవాణా సేవ కూడా దీని కిందికి వస్తుంది. ఒక్క బండి ఉన్నవాళ్లు సైతం ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, ప్రతి లోడుకూ తేదీ వేసిన బిల్లు ఇవ్వండి, సంతకం ఉన్న బిల్టీ నకలు దాచుకోండి. అవి చేతిలో లేకుండా ఫిర్యాదు నిలబడదు.