పాత ఇంటికి సిమెంటు ఎందుకు పడదు? తాండూరు బండ చెప్పే చరిత్ర

తాతల కాలం నాటి ఇల్లు బాగు చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను చెప్పేది ఒకటే: ముందు కిందికి చూడండి. మీ కాళ్ల కింద ఏముంది?

వికారాబాద్, తాండూరు వైపు అయితే నీలం కలిసిన బూడిద రంగు బండ కనిపిస్తుంది. అదే తాండూరు బండ, మన నాపరాయి. 50 కోట్ల ఏళ్లకు పైనే, నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. అందుకే పొర వెంట ఉలి పెట్టి కొడితే పలకలా లేచొస్తుంది.

ఈ రాతి పొరలే కర్ణాటకలోని షాబాద్ వైపు కూడా ఉన్నాయి. అక్కడిది షాబాదు బండ. నిజాం కాలంలో రెండు ఊర్లూ ఒకే రాజ్యం. 1956లో షాబాద్ మైసూరు రాష్ట్రంలోకి, తాండూరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఇంత బరువైన రాయిని ఎడ్లబండి మీద ఎంత దూరమని పంపుతారు? 1874లో వికారాబాద్, తాండూరు మీదుగా సికింద్రాబాద్–వాడి రైలు మార్గం మొదలయ్యాక దూరం పంపడానికి దారి దొరికింది.

ఇక గోడల సంగతి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో నూరితే డంగు సున్నం. కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. గోడకు పట్టించాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారిపోతుంది. అంటే రాయి నుంచి వచ్చింది రాయిలోకే పోతుంది!

అదే సున్నపురాయిని మట్టితో కలిపి దాదాపు 1450 డిగ్రీల దాకా కాల్చి, పొడి చేస్తే సిమెంటు. తాండూరు పక్కనే కరణ్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉన్నది కూడా ఈ రాయి కోసమే.

మరి రెండూ చుట్టాలే కదా, పాత గోడకు సిమెంటు పూస్తే తప్పేంటి? మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది కంపాటిబిలిటీ ప్రాబ్లం. పాత రాతి గోడకు కింద పునాదిలో అడ్డుపొర ఉండదు. నేలలోని చెమ్మ పైకి పాకుతుంది. సున్నం ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపల ఇరుక్కున్న నీరు ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుంటుంది, పెచ్చులు ఊడతాయి. అప్పుడు మనం 'పాత ఇల్లు కదా, కూలగొట్టేద్దాం' అంటాం. చాలాసార్లు జబ్బు ఇంటిది కాదు, మనం చేసిన మందుది.

కాబట్టి మేస్త్రీతో బేరం కంటే ముందు మూడు మాటలు మాట్లాడుకోండి. ఒకటి, గోడకు సున్నం పని వచ్చా? రెండు, బండలు లేపాల్సి వస్తే సుద్దతో నంబర్లు వేసి, మళ్లీ అదే వరుసలో పరుస్తారా? మూడు, మరకలకు ఆసిడ్ వాడొద్దు. సున్నపురాయి మీద ఆసిడ్ పడితే నురగ వస్తుంది. ఆ నురగలో పోయేది మురికి ఒక్కటే కాదు, మీ బండ కూడా. మామూలు సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు చాలు.

టైల్స్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మూడు తరాల పాదాలు నున్నగా చేసిన బండ ఏ షాపులోనూ దొరకదు. పగలగొట్టే ముందు ఒక్కసారి తడి గుడ్డతో తుడిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.