నికోయోన్

ద్వితీయ ప్రపంచ సంగ్రామానంతరము జపాను నగరములలో పుట్టిన మాటలలో ‘నికోయోన్’ అనునది దినకూలీకి వచ్చిన పేరు. ‘ని’ యనగా రెండు, ‘యోన్’ అనగా నాలుగు. నడుమ నున్న ‘కో’ వస్తువులను లెక్కించునపుడు సంఖ్యకు చేర్చెడి ప్రత్యయము. నూరు యెన్‌లను ఒక్కటిగా నెంచి, రెండు నూర్లును నాలుగు పదులును, అనగా 240 యెన్‌లు, అని శ్రామికులు చెప్పుకొనిన లెక్క యిది.

1949లో అత్యవసర నిరుద్యోగ నివారణ శాసనము వెలువడగా, ప్రభుత్వోద్యోగ కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనిన నిరుద్యోగులకు, కేంద్రము ఒసగిన ధనసహాయముతో స్థానిక పాలకవర్గములు వీధులు బాగుచేయుట మొదలగు పనులు కల్పించినప్పుడు, టోక్యోలో నిర్ణయింపబడిన దినవేతనము ఆ 240 యెన్‌లే. యుద్ధమున భర్తలను కోల్పోయిన స్త్రీలును ఆ పనివారిలో నుండిరి. పని దొరకిన దినమున కూలి. దొరకని దినమున రిక్తహస్తములతో గృహాభిముఖులగుట.

కాలక్రమమున వేతనము పెరిగినను పేరు మాత్రము మారలేదు. మనుష్యుని వాని కూలియంకెతో పిలుచుటలో కొంత పరిహాసమును, కొంత తిరస్కారమును గలవు. అయినను, ఏ రాజపత్రమును దాచలేని దారిద్ర్యపు వెలను ఆ మూడక్షరముల మాట నేటికిని యథాతథముగా చెప్పుచున్నది.