మలుపు తర్వాత బ్రేక్ పెడల్ కిందికి పోతోందా? కారణాలు ఇవే

ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీద యాచారం, మాల్ దాటి కుటుంబంతో వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. నేరు రోడ్డు మీద బ్రేక్ బాగానే పడుతుంది. మలుపు తిరిగాక తొక్కితే మాత్రం పెడల్ సగం దాకా దిగిపోతుంది. రెండోసారి తొక్కితే గట్టిపడుతుంది. 'పడుతుంది కదా' అని వదిలేస్తుంటారు. కానీ అవసరమైన క్షణంలో రెండోసారి తొక్కే టైమ్ ఉండదు.

ఎందుకిలా?

మలుపులో బరువంతా బయటివైపు చక్రాల మీద పడుతుంది. కుడికి తిరిగితే ఎడమ చక్రాల మీద అన్నమాట. ఆ చక్రం బేరింగ్ అరిగి ఉంటే హబ్‌తో పాటు డిస్క్ కూడా కొద్దిగా వంగి, బ్రేక్ ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. తర్వాత బ్రేక్ తొక్కినప్పుడు ముందు ఆ ఖాళీ నిండాలి. అందుకే పెడల్ కిందికి పోతుంది. ఇలాంటప్పుడు ప్యాడ్లు ఒక్కటే మారిస్తే సమస్య పోదు.

లక్షణాన్ని బట్టి గుర్తించండి

• మలుపులో గుంయ్‌మనే శబ్దం పెరిగి, ఆ వెంటనే పెడల్ దిగితే: ముందు వీల్ బేరింగ్ చూపించాలి.

• మలుపులో మాత్రమే బ్రేక్ లైటు డ్యాష్‌బోర్డు మీద వెలిగితే: బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. ప్యాడ్లు అరిగినా, ఎక్కడైనా లీకైనా ఆయిల్ తగ్గుతుంది. ఊరికే పోసేసి వదలొద్దు.

• పెడల్ ఎప్పుడూ మెత్తగా, స్పాంజిలా ఉంటే: లైన్లో గాలి చేరి ఉండొచ్చు.

• ఆగి ఉన్నప్పుడు తొక్కిపట్టినా మెల్లగా దిగిపోతుంటే: మాస్టర్ సిలిండర్, లీకులు చూపించాలి.

• తడి రోడ్డు మీద, ఇసుక మీద గట్టిగా తొక్కితే పాదం కింద గడగడ కొడితే: అది ఏబీఎస్ పని చేయడమే. కాలు తీయొద్దు. పొడి రోడ్డు మీద మెల్లగా తొక్కినా అలా కొడితే వీల్ సెన్సర్, బేరింగ్ చూపించాలి.

మెకానిక్ దగ్గర

షెడ్డు ముందు నేరుగా నడిపి చూస్తే ఈ లోపం బయటపడదు. కుడి మలుపులోనా, ఎడమ మలుపులోనా, ఎంత స్పీడులో వస్తోందో చెప్పండి. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. చక్రం ఊగితే ఇంకొకరు బ్రేక్ తొక్కిపట్టాలి. అప్పుడు ఊగడం ఆగితే బేరింగ్ లోపం, ఆగకపోతే బాల్ జాయింట్ లాంటివి చూడాలి. డిస్క్ వంకర కూడా చెక్ చేయించండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ పరిమితి 155కి తగ్గుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గడువుకు, ఎక్కువ కార్లకు రెండేళ్లకోసారి, మార్పించాలి.

దారిలో ఉండగా ఇలా జరిగితే

కంగారు పడకుండా పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కండి, గేరు తగ్గించండి, పక్కకు ఆపండి. పెడల్ గట్టిపడినా అది రిపేరు కాదు. పిల్లల్ని, పెద్దల్ని ఎక్కించుకునే ముందే బండి చూపించండి.