బియ్యం జీతమిచ్చిన ప్రభుత్వం

1979 జనవరి 7న వియత్నాం సేనలు నామ్‌పెన్‌లోకి ప్రవేశించేసరికి ఇళ్లున్నాయి, వీధులున్నాయి, మనుషులు లేరు. కంబోడియా రాజధానిని పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ ఖాళీ చేయించి అప్పటికి మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు. అక్కడివాళ్లు ఈ లెక్కను ఇప్పటికీ రోజులతో సహా చెబుతారు. 1975 ఏప్రిల్ 17న ఊళ్లోకి వచ్చిన పోల్ పాట్ సైన్యం ఇరవై లక్షల మందిని, ఆసుపత్రి మంచాల మీదున్న రోగులతో సహా, పల్లెలకు తోలింది. డబ్బు రద్దు చేసింది. జాతీయ బ్యాంకును పేల్చేసింది. బడి, అంగడి, తపాలా, కోర్టు, బౌద్ధ విహారం అన్నీ మూతపడ్డాయి. ఎనభై లక్షలకు కాస్త తక్కువున్న జనాభాలో దాదాపు పదిహేడు లక్షల మంది ఆకలికి, రోగానికి, చాకిరికి, చిత్రహింసకు బలయ్యారు. టువోల్ స్లెంగ్‌లో వేల మందిని హింసించిన చెరసాల అంతకుముందు పిల్లలు చదువుకున్న ఉన్నత పాఠశాల.

పరాయి సైన్యం వచ్చి పాత ప్రభుత్వాన్ని కూల్చి కొత్తది నిలబెట్టిన కథలు చరిత్రలో చాలా ఉన్నాయి. జపాన్‌లో అమెరికా జనరల్ మెకార్థర్‌కు పాత మంత్రిత్వ శాఖలు, గుమాస్తాలు, రికార్డులు అలాగే దొరికాయి. కంబోడియాలో ఒక దస్త్రం రాయడానికి గుమాస్తా లేడు, అతనికి జీతమివ్వడానికి నోటు లేదు. ఒక దేశాన్ని నడిపేది జెండా, రాజ్యాంగం కాదని, ఆ కింద కనబడకుండా పనిచేసే మనుషులని నాకు ఈ కథ తెలిపినంత స్పష్టంగా మరేదీ తెలపలేదు.

వియత్నాం దయతలచి రాలేదు. ఖ్మేర్ రూజ్ సరిహద్దు దాటి వియత్నాం పల్లెల మీద పడుతూ ఉంది. 1978 ఏప్రిల్‌లో బాచుక్ అనే ఊళ్లో మూడు వేల మందికి పైగా చంపింది. ఆ డిసెంబరు 2న సరిహద్దు దగ్గర స్నూల్‌లో పోల్ పాట్‌కు ఎదురు తిరిగిన కంబోడియన్ల జాతీయ విమోచన ఐక్య సంఘటన వెలిసింది. డిసెంబరు 25న లక్షకు పైగా వియత్నాం సైనికులు కదిలారు, రెండు వారాల్లో రాజధాని చేజిక్కింది. మర్నాడే హెంగ్ సామ్రిన్ అధ్యక్షుడిగా ప్రజా విప్లవ మండలి ఏర్పడింది.

ఆ మండలిలో ఎవరున్నారు? కొందరు 1954లో హనోయి వెళ్లి పాతికేళ్లు అక్కడే గడిపిన పాత కమ్యూనిస్టులు. పెన్ సొవాన్ వాళ్లలో ఒకరు. మరికొందరు ఖ్మేర్ రూజ్‌లోనే పనిచేసి, తమ ప్రాణం మీదికి వచ్చాక వియత్నాంకు పారిపోయినవాళ్లు. హెంగ్ సామ్రిన్, చియా సిమ్, 1977లో సరిహద్దు దాటిన హున్ సేన్ ఈ కోవకు చెందినవాళ్లు. విదేశాంగ మంత్రి అయ్యేనాటికి హున్ సేన్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు.

ఈ గుప్పెడు మందితో రాజ్యం నడవదు. చదువుకున్నవాళ్లు కావాలి. దాదాపు నాలుగేళ్ల పాటు ప్రాణం కోసం చదువును దాచుకున్న మనుషులు వాళ్లు. కళ్లద్దాలు పారేసి, ఫ్రెంచి ముక్క రానట్టు నటించి, వీధిలో బళ్లు తోలేవాళ్లమని చెప్పి బతికారు. ఇప్పుడు కొత్త అధికారులు వచ్చి మీలో టీచర్లెవరు, లెక్కలు వచ్చినవాళ్లెవరు అని అడుగుతున్నారు. నిన్నటిదాకా అదే ప్రశ్నకు జవాబు చెప్పినవాడు తెల్లారేసరికి కనబడేవాడు కాదు. ఆ వరుసలో మొదట చెయ్యెత్తిన మనిషి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో! కంబోడియా పునర్నిర్మాణమంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చెయ్యే. వైద్యుల సంగతి మరీ ఘోరం. యుద్ధానికి ముందు నాలుగైదు వందల మంది ఉండగా దేశంలో మిగిలింది యాభై లోపే.

ఇళ్లు వెతుక్కుంటూ వచ్చిన జనాన్ని మొదటి నెలల్లో నామ్‌పెన్ పొలిమేరలోనే ఆపేశారు. సర్కారు కొలువులో చేరినవాళ్లకే లోపలికి అనుమతి. వాళ్లకు ఖాళీ ఇళ్లు కేటాయించారు, ఆ ఇల్లు ఒకప్పుడు ఎవరిదన్నది ఎవరూ అడగలేదు. జీతం బియ్యం, మొక్కజొన్న. మన పల్లెల్లో పాలేర్లకు కుంచాలతో గింజలు కొలిచినట్టే ఒక దేశం తన ఉద్యోగులకు తిండిగింజలు కొలిచింది. బజారులో బియ్యమూ, బంగారమూ, పక్క దేశాల నోట్లూ చలామణీ అయ్యాయి. 1980 మార్చి 20న రియెల్ మళ్లీ వచ్చినప్పుడు దాని విలువను కట్టింది కూడా బియ్యంతోనే. ఒక రియెల్‌కు ఒక కిలో.

1979 సెప్టెంబరు 24న బడులు తెరిచారు. ఎక్కువ తెలిసినవాళ్లు తక్కువ తెలిసినవాళ్లకు, తక్కువ తెలిసినవాళ్లు ఏమీ తెలియనివాళ్లకు చెప్పాలన్నది నాటి నినాదం. చాలాచోట్ల పైకప్పు లేదు, పలకలు లేవు, అయినా మొదటి ఏడాదే తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు చేరారు. పల్లెల్లో పది పదిహేను కుటుంబాలను ఒక్కో జట్టుగా కట్టి, ఉన్న కాసిని ఎడ్లనూ నాగళ్లనూ ఉమ్మడిగా వాడించారు. ఆ జట్ల పేరు క్రోమ్ సామక్కి. సామక్కి అంటే ఐక్యత. పాళీ మీదుగా అక్కడికి చేరిన ఆ మాట మన ‘సమగ్ర’కు చుట్టమే. మగవాళ్లు ఎక్కువగా చనిపోవడంతో చాలా జట్లలో నాగలి పట్టింది వితంతువులు.

ఈ మనుషుల పట్ల ప్రపంచం ప్రవర్తించిన తీరును నేను క్షమించలేను. 1979 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 71 ఓట్లతో, 35 ఓట్లకు వ్యతిరేకంగా, కంబోడియా కుర్చీని పోల్ పాట్ ప్రతినిధికే కట్టబెట్టింది. వియత్నాం మీద కోపంతో చైనా, అమెరికా ఒక్క పక్షమయ్యాయి. అత్యవసర ఆహారం వచ్చింది గానీ పాశ్చాత్య దేశాల అభివృద్ధి సాయం ఆగిపోయింది. కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. ఇందిరాగాంధీ ప్రభుత్వం 1980 జులైలో ఆ పని చేసింది. 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖ నిపుణులు అంకోర్ వాట్‌లో మరమ్మతులు చేశారు.

అయితే కాపాడినవాడే పెత్తనమూ చేశాడు. ప్రతి మంత్రి పక్కనా ఒక వియత్నాం సలహాదారు కూర్చున్నాడు. 1981 మేలో 117 స్థానాల జాతీయ సభకు ఎన్నికలు జరిపి, రాజ్యాంగం ప్రకటించి, పెన్ సొవాన్‌ను ప్రధానిని చేశారు. ఆయన స్వతంత్రంగా మాట్లాడటం మొదలెట్టాడు. అదే డిసెంబరులో పట్టుకుని హనోయి తీసుకెళ్లారు, పదేళ్లు నిర్బంధంలో ఉంచారు. 1985 జనవరిలో హున్ సేన్ ప్రధాని అయ్యాడు. అప్పుడే, ఇంకా పోరాడుతున్న ఖ్మేర్ రూజ్‌ను అడ్డుకోవడానికి, థాయ్ సరిహద్దు వెంట కె5 పేరుతో అడవులు నరికించి, కందకాలు తవ్వించారు. ఖ్మేర్ రూజ్ చాకిరి నుంచి తప్పించుకున్న రైతులను మళ్లీ చాకిరికే లాక్కుపోయారు. మలేరియాకు, మందుపాతరలకు వేల మంది పోయారు.

1989లో సోవియట్ సాయం తగ్గిపోతుండగా వియత్నాం సేనలు వెళ్లిపోయాయి. ఆ ఏడాదే భూమి మీద, ఇంటి మీద సొంత హక్కును తిరిగి ఒప్పుకుంటూ చట్టం వచ్చింది. 1979కి ముందునాటి యాజమాన్యం మాత్రం చెల్లదు. అంటే పదేళ్ల కిందట సర్కారు ఎవరికి ఏ ఇల్లిచ్చిందో ఇకపై అది వాళ్లదే.

1991 అక్టోబరు 23న పోరాడుతున్న పక్షాల మధ్య పారిస్ ఒప్పందం కుదిరింది. దేశాన్ని ఎన్నికల దాకా నడిపే బాధ్యత ఐక్యరాజ్యసమితి తీసుకుంది. జపాన్‌కు చెందిన యసుషి అకాషి నాయకత్వంలో దాదాపు 22 వేల మంది దిగారు, భారత సైనికులూ వాళ్లలో ఉన్నారు. థాయ్ సరిహద్దు శిబిరాల నుంచి మూడున్నర లక్షల మందికి పైగా శరణార్థులను ఇళ్లకు చేర్చారు. రక్షణ, ఆర్థికం, విదేశాంగం, పోలీసు, సమాచారం శాఖలు సమితి అదుపులో ఉండాలన్నారు. కాగితం మీద ఉన్నాయి కూడా. కింద గ్రామాధికారి, పోలీసు, గోదాము తాళాలు పట్టుకున్నవాడు ఎవరి మాట వినాలో వాళ్లకు తెలుసు.

1993 మేలో జనం తొంభై శాతం దాకా వచ్చి ఓటేశారు. ఖ్మేర్ రూజ్ బెదిరించినా వచ్చారు. మాజీ రాజు సిహనూక్ కొడుకు రణరిద్ధ్ పార్టీకి 58, హున్ సేన్ పార్టీకి 51 స్థానాలు. ఓడిన హున్ సేన్ దిగిపోలేదు. చివరికి ఇద్దరు ప్రధానులతో రాజీ కుదిరింది. సెప్టెంబరులో సమితి సామాను సర్దుకుంది. 1997 జులైలో వీధుల్లో తుపాకులు పేల్చి హున్ సేన్ మొదటి ప్రధాని రణరిద్ధ్‌ను గెంటేశాడు. 2023లో పీఠం కొడుకు హున్ మానెట్‌కు అప్పగించాడు.

పెన్ సొవాన్ 1992లో హనోయి నుంచి ఇంటికొచ్చాడు. 2013 ఎన్నికల్లో, ఎనభైకి దగ్గరవుతుండగా, ప్రతిపక్షం తరఫున జాతీయ సభకు గెలిచాడు. మూడేళ్ల తర్వాత చనిపోయాడు. ఆ సభకు అప్పటి అధ్యక్షుడు హెంగ్ సామ్రిన్.