జీతమూ – గౌరవ వేతనమూ

"జీతము" అన్న మాటకు మూలం సంస్కృతంలోని "జీవితమ్" అని మా గురువులు చెప్పేవారు. బ్రతుకు నిలిపేది కనుక జీతమైంది. "గౌరవ వేతనం" అనే సమాసం ఇటీవలిది. అందులో బ్రతుకు ఊసు లేదు. సర్కారు వైద్యంలో పనిచేసేవారి చరిత్రంతా ఈ రెండు మాటల నడుమనే నడిచిందని నాకు తోస్తుంది.

క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనం చదువరులకు పరిచితమే. గణపతిదేవుడిచ్చిన మందడం, రుద్రమదేవి ఇచ్చిన వెలగపూడి గ్రామాల ఆదాయంతో విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన ధర్మసంస్థలలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. జీవనాధారం పొందినవారిలో వైద్యుడూ, లెక్కలు వ్రాసే కాయస్థుడూ ఉన్నారు. ఆసుపత్రి కట్టి ఊరుకోక, అందులో పనిచేసేవాడి తిండిగింజలు ఎక్కడినుంచి రావాలో రాతిమీద చెక్కించడం ఆ దాతల విజ్ఞత.

ఇక మన కోనసీమ మాట. పెద్దల నోట "లోకల్ ఫండు ఆసుపత్రి" అన్న పేరు వినని వారుండరు. 1871 నాటి మద్రాసు లోకల్ ఫండ్సు చట్టంతో భూమిశిస్తుపై సెస్సు వేసి, ఆ సొమ్ముతో రోడ్లు, బడులు, ఆసుపత్రులు నడిపారు. 1884 చట్టంతో ఆ భారం జిల్లా, తాలూకా బోర్డులకు చేరింది. అంటే అమలాపురం, రాజోలు తాలూకాల రైతు కట్టిన సెస్సులోనుంచే కాంపౌండరుకు జీతం! పంట పోతే ఆ జీతానికీ ఇబ్బందే. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం, పురపాలక సంఘాలు తమ ఆదాయంలో 30 శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలని శాసించింది.

పల్లెలకు వైద్యులు రాకపోవడం నేటి సమస్య కాదు. 1924లో పానగల్ రాజా మంత్రివర్గం, పల్లెలో స్థిరపడే వైద్యుడికి వార్షిక భృతి ఇచ్చే పథకం తెచ్చింది. బీదలకు ఉచితంగా చూడాలి, తక్కినవారి వద్ద ఫీజు పుచ్చుకోవచ్చు. పూర్తి జీతం ఇచ్చే శక్తి లేని సర్కారు సగం జీతంతో సేవను కొనదలచింది. సగం జీతగాని మనసు ఫీజిచ్చే రోగివైపు మొగ్గితే తప్పు ఎవరిది?

1977 అక్టోబరు 2న గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. వెయ్యిమందికొకరు, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. తరువాత వారికి ఆరోగ్య మార్గదర్శకులన్న పెద్ద పేరిచ్చారు. పేరు పెరిగినట్లు పైకం పెరగలేదు. 2002లో కేంద్రం ఆ నిధులే ఆపివేసింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో "ఆశా" కార్యకర్తలు వచ్చారు. ఈసారి అందరూ స్త్రీలే. చేసిన పనికింత చొప్పున పారితోషికం, కాన్పుకొకటి, టీకాకొకటి. గోదావరికి వరద వస్తే లంకల్లోని నిండు గర్భిణిని పడవ దాటించిన శ్రమకు ఏ పద్దులో లెక్క కట్టాలి? 2019లో రాష్ట్రప్రభుత్వం వారి గౌరవ వేతనాన్ని 3,000 నుండి 10,000 రూపాయలకు పెంచింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించింది. 2025లో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించారు. ఇవన్నీ వీధిలో కూర్చుని అడిగితే వచ్చినవే. అయినా వారు ఉద్యోగులు కారు. వారికిచ్చేది జీతం కాదు.

ఆసుపత్రి గోడలకు నిధులు దొరికినంత సులభంగా అందులోని మనిషికి దొరకకపోవడమే ఈ చరిత్ర సారాంశం. గోడ ఒక్కసారి కట్టాలి, మనిషిని నెలనెలా పోషించాలి మరి.

మరొక ముచ్చట. ప్రసూతిశాలకు ఆదాయమిచ్చిన ఆ వెలగపూడిలోనే నేడు మన రాష్ట్ర సచివాలయం ఉన్నది. ఆశా కార్యకర్తలకు ఎంత ఇవ్వాలో నిర్ణయించే కాగితాలు ఆ నేలమీదనే తయారవుతున్నాయి. ఆ కాగితాలు వ్రాసేవారు ఒక్కసారి మల్కాపురం దాకా వెళ్ళి, ఆ రాతిని చదివి వస్తే బాగుండును.