పళ్ళు నూరడం: ఒక కారణం కోసం వందేళ్ళ వెతుకులాట

ఈ పాఠం చదువుతున్న ఈ క్షణంలో మీ పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా? ఒకసారి గమనించండి. నమలనప్పుడు, మింగనప్పుడు పెదవులు మూసి ఉన్నా రెండు వరుసల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండటం సహజం. పరీక్షల ముందు, అప్పుల గురించి ఆలోచిస్తున్నప్పుడు, రద్దీలో బండి నడుపుతున్నప్పుడు చాలామందికి తెలియకుండానే ఆ ఖాళీ మూసుకుపోతుంది. కొందరు నిద్రలో కటకటమని పళ్ళు నూరుతారు. ఆ సంగతి పక్కన పడుకున్నవారికి తెలుస్తుంది గాని వారికి తెలియదు. ఈ రెండింటినీ కలిపి వైద్యులు ‘బ్రక్సిజం’ అంటారు. వైద్య చరిత్ర విద్యార్థులకు దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. ఇరవయ్యో శతాబ్దంలో దీనికి చెప్పిన కారణం మారిన ప్రతిసారీ రోగి నోట్లో జరిగిన చికిత్స కూడా మారింది. అందులో కొంత మళ్ళీ సరిచేయడానికి వీలులేనిది.

ముందు పాత భావాలను చూద్దాం. మన భాషలో పళ్ళు కొరకడం కోపానికి గుర్తు. పద్యనాటకంలో భీముడి వేషధారి పళ్ళు పటపట కొరికితే, పద్యం అందుకోకముందే ప్రేక్షకులకు విషయం అర్థమవుతుంది. తెలుగు బైబిలు మత్తయి సువార్తలో పండ్లు కొరకడం నరకబాధకు సూచన. అక్కడి గ్రీకు మూలపదానికీ నేటి ‘బ్రక్సిజం’ అనే మాటకూ ధాతువు ఒకటే. సుమారు 7, 8 శతాబ్దాల నాటిదిగా భావించే మాధవనిదానంలో, బాలగ్రహం పట్టిన శిశువు లక్షణాలలో పళ్ళు కొరకడం కూడా ఉంది. ఇక మన ఇళ్ళలో పిల్లలు నిద్రలో పళ్ళు నూరితే పెద్దలు చెప్పే కారణం కడుపులో పురుగులు. ఈ సంబంధం ఇంతవరకు శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. పిల్లల్లో ఈ అలవాటు చాలా సాధారణం, ఎక్కువమందిలో వయసుతోపాటు దానంతటదే తగ్గిపోతుంది. నులిపురుగుల మాత్ర వేయించడం మంచిదే, కాని దాని ప్రయోజనం రక్తహీనత, పోషణ వంటి విషయాల్లో. మాత్ర వేశాక పళ్ళు నూరడం ఆగితే ఆ ఘనత మాత్రకే ఇచ్చారు. ఇలాంటి తర్కం ఇంట్లోనే కాదు, తరవాత ఆసుపత్రుల్లోనూ కనిపిస్తుంది.

ఆధునిక దంతవైద్యంలో చర్చ వియన్నాలో మొదలైంది. 1901లో మోరిట్జ్ కారోలీ అనే వైద్యుడు రాత్రిపూట పళ్ళు నూరడానికీ చిగుళ్ళ వ్యాధికీ సంబంధం ఉందన్నాడు. 1907లో ఫ్రాన్సులో మారీ, పియెట్కెవిచ్ దీనికి ‘బ్రక్సోమానియా’ అని పేరు పెట్టారు. పేరులోని ‘మానియా’ను గమనించండి, అప్పటికే దీన్ని ఉన్మాదం వైపు నెట్టారు. 1931లో ఫ్రోమన్ మానసిక చికిత్సను దంతసమస్యలకు అన్వయిస్తూ రాసిన వ్యాసంలో ‘బ్రక్సిజం’ అనే పదాన్ని వాడాడు. అణచుకున్న కోపం దవడల ద్వారా బయటపడుతుందనే మనోవిశ్లేషణ ధోరణి ఆ కాలానిది. ఒక విధంగా అది మన భీముడి దగ్గరికే తిరిగి రావడం.

అయితే దంతవైద్యుడి చేతిలో ఉన్నది మనసు కాదు, పళ్ళను అరగదీసే యంత్రం. అందుకే కాబోలు, శతాబ్దం మధ్యకాలంలో నిలబడ్డ సిద్ధాంతం వేరు. పై, కింది పళ్ళు సరిగా అమరకపోతే, ఎక్కడో ఒక పన్ను అడ్డు తగిలితే, దాన్ని తొలగించుకోవడానికే దవడ నూరుతుందని ఆ సిద్ధాంతం. దీనికి బలమైన ఆధారంగా 1961లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన సిగుర్డ్ రామ్‌ఫ్యోర్డ్ వ్యాసం వచ్చింది. ఆయన దవడ కండరాల విద్యుత్ చర్యను ఎలక్ట్రోమయోగ్రఫీ ద్వారా నమోదు చేసి, అడ్డుపడే భాగాలను అరగదీస్తే పళ్ళు నూరడం ఆగుతుందని ప్రకటించాడు. యంత్రం గీసిన గీతలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. కాని ఆ అధ్యయనంలో చికిత్స పొందని వారితో పోలిక లేదు. రోగులు నిజంగా నూరేది రాత్రి నిద్రలోనైతే, ఆ నిద్రలో జరిగే నూరుడును కొలవలేదు. అయినా దశాబ్దాలపాటు ఎందరి పళ్ళనో ఈ లెక్క ప్రకారం అరగదీశారు. ఎనామిల్ మళ్ళీ పెరగదు. వైద్యుల నిజాయితీని నేను శంకించడం లేదు. ఒక వృత్తి తన పనిముట్టుకు సరిపోయే కారణాన్ని సులువుగా నమ్మేస్తుందని మాత్రం అంటాను.

సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టినవారు తరవాత వచ్చారు. 1975లో సోల్‌బర్గ్, క్లార్క్, రూ రాత్రిపూట పెట్టుకునే పళ్ళతొడుగును పరిశీలించారు. తొడుగు ఉన్న రాత్రుల్లో కండరాల చర్య తగ్గింది, తీసేయగానే మళ్ళీ పెరిగింది. అంటే తొడుగు రక్షణే గాని నివారణ కాదు. 1984లో రూ, బార్గీ, డ్రాగో ఇంకా తెలివైన పని చేశారు. పళ్ళు నూరేవారికి కావాలనే ఎత్తుగా ఉండే క్యాపులు వేసి కృత్రిమంగా అడ్డు కల్పించారు. సిద్ధాంతం నిజమైతే నూరడం పెరగాలి. చాలామందిలో తగ్గింది! ఈ ప్రయోగం చిన్నదే. కాని సిద్ధాంతం తప్పని తేలే అవకాశం ఇచ్చిన ప్రయోగం ఇది, దాని విలువ అక్కడే ఉంది.

ఇంతలో నిద్రను కొలిచే ప్రయోగశాలలు వచ్చాయి. మాంట్రియల్‌లో జిల్ లవీన్ బృందం నిద్రలో మెదడు తరంగాలు, గుండె, కండరాలు ఒకేసారి నమోదు చేసి ఒక వరుసను గుర్తించింది. ముందు గుండెపై నాడుల ప్రభావం పెరుగుతుంది. తరవాత మెదడు కొన్ని సెకన్లు తేలికగా మేల్కొంటుంది, గుండె వేగం హెచ్చుతుంది, చివరగా దవడ కదులుతుంది. పన్ను దగ్గరికి వచ్చేసరికి కథ దాదాపు ముగిసిపోయింది. 2001లో లోబెజూ, నాయె ఈ ఆధారాలను సమీక్షించి, మూలం ప్రధానంగా మెదడులో ఉందని తేల్చారు. 2018లో అంతర్జాతీయ నిపుణులు మెలకువలో బిగించడం, నిద్రలో నూరడం వేర్వేరు ప్రవర్తనలని, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇవి వాటంతటవే వ్యాధి కావని నిర్ణయించారు. పళ్ళు అరిగిపోవడం, దవడ నొప్పి వంటి ఫలితాలు ఉన్నప్పుడే చికిత్స గురించి ఆలోచించాలి.

మీలో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. నేను దంతవైద్యుణ్ని కాదు, కాబట్టి మందుల జోలికి పోను. పగటిపూట బిగించేవారికి మొదటి మెట్టు గమనించుకోవడమే. ఫోను, పుస్తకం, గోడ గడియారం దేన్ని చూసినా ‘పెదవులు కలవాలి, పళ్ళు విడిపోవాలి’ అని గుర్తుకు వచ్చేలా చేసుకోవచ్చు. పొగతాగడం, మద్యం, మోతాదు మించిన కాఫీ, కొన్ని రకాల మానసిక వైద్యపు మందులు రాత్రి నూరడాన్ని పెంచవచ్చు. అలాగని మందును సొంతంగా మానేయకూడదు, రాసిన వైద్యుడితోనే మాట్లాడాలి. గట్టిగా గురక, పగటి మగత కూడా ఉంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూపించుకోవాలి. నైట్ గార్డ్ పళ్ళను అరుగుదల నుంచి కాపాడుతుంది. నూరడం ఆపడానికి ఆరోగ్యంగా ఉన్న పళ్ళను అరగదీద్దామని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు ఆధారం అడగండి, మరో వైద్యుడి అభిప్రాయమూ తీసుకోండి.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా ఇరుగుపొరుగులో అరవై దాటిన ఇద్దరిని కలవండి. పిల్లలు నిద్రలో పళ్ళు నూరితే తమ చిన్నతనంలో ఏ కారణం చెప్పేవారో, ఏ వైద్యం చేసేవారో, ఎవరు చేసేవారో అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. ఊరు, వారి వయసు, మీరు మాట్లాడిన తేదీ తప్పక నమోదు చేయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి.