బియ్యపు బూజు చేసిన మేలు



కొలెస్టరాల్ అను క్రొవ్వులో అధికభాగము ఆహారమువలనఁ గాక మన దేహములోనే, ముఖ్యముగా కాలేయమున, తయారగును. అది లేనిదే జీవకణము నిలువదు. నెత్తుట మితిమీరెనా, గుండెకుఁ బోవు నాళములు పూడుకొనును. ఈ తయారీని మితపఱచు పదార్థమును కనుగొన్నవాఁడు జపానుదేశీయుఁడైన అకీరా ఎండో. ఆయన 1933లో అకిటా సీమయందు కర్షకకుటుంబమున జన్మించెను.

బూజులు తమకు శత్రువులైన సూక్ష్మజీవుల నణఁచుటకై ఇట్టి పదార్థమును పుట్టించునని ఊహించి, ఆయన 1971 మొదలు రెండేండ్లు ఇంచుమించు 6,000 బూజులను పరీక్షించెను. క్యోటోనగరమున ఒక ధాన్యపుటంగడి బియ్యమునందు దొరకిన నీలిపచ్చ బూజు తుదకు 1973లో కోరిన ఫలమిచ్చెను.

అంతటితోఁ గష్టములు తీఱలేదు. ఎలుకలయందు గుణము కానరాలేదు. 1976లో గ్రుడ్లు పెట్టు కోళ్లకుఁ బెట్టి చూడఁగా, వాని నెత్తుటిలో కొలెస్టరాల్ తగ్గెను. పిమ్మట రోగులకును మేలు కనఁబడెను. అయినను, కుక్కలపై జరిగిన పరీక్షలవలన సంశయము కలిగి, 1980లో సంస్థ ఆ మందును విడిచిపెట్టెను. మఱియొక బూజునుండి తీసిన అదే జాతి ఔషధమునకు 1987లో అమెరికాయందు అనుమతి లభించెను.

ఎండో 2024లో దివంగతుఁడయ్యెను. నేఁడు కోట్లకొలఁది జనులు ఈ జాతి మందులను సేవించుచున్నారు. విత్తినవాని గాదె నిండకపోయినను, పంట లోకమునకు దక్కినది.